పలక మీద పరీక్ష, శిల మీద శాసనం

ఉద్దేశం: సాంకేతిక విషయాలను తెలుగులో చదివి, తెలుగులోనే ఆలోచించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం. బ్లాక్‌చైన్ మీద నడిచే ఒక చిన్న ప్రోగ్రామును రాసి, కంపైల్ చేసి, పరీక్షా నెట్‌వర్క్‌లో నెలకొల్పే విధానాన్ని భూమి దస్త్రాల ఉదాహరణతో తెలియజేయడం.

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది పలక. నల్లమల కొండల చెంత నేల పొరల నుండి తీసిన నల్లరాతిని పలుచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగించి తరతరాల బడిపిల్లల చేతికి అందించిన ఊరది. అదే ఊరిలో విజయనగర కాలపు శిల్పంతో అలరారే చెన్నకేశవస్వామి ఆలయం ఉన్నది. పలకా రాయే, ఆలయ స్తంభమూ రాయే. అయితే పలక తప్పు రాసి, తుడిచి, మళ్ళీ రాయడానికి పుట్టింది. శాసనం మాత్రం ఆచంద్రార్కం నిలవాలని చెక్కబడింది. శాసనం చెక్కే శిల్పి ముందుగా సుద్దతోనో బొగ్గుతోనో గీసుకొని, అక్షరం అక్షరం సరిచూసుకొని, ఆ తరువాతనే ఉలి పడతాడు. చెరపరాని చోట రాయబోయేవాడికి చెరిపివేయదగిన చోట అభ్యాసం అవసరం. బ్లాక్‌చైన్ ప్రోగ్రాములు రాసేవారు పరీక్షా నెట్‌వర్క్‌ను ఆశ్రయించడానికి కారణం ఇదే.

భూమికి సంబంధించిన రాత ఎంత విలువైనదో పశ్చిమ ప్రకాశం రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. కంభం చెరువు కింద కొంత మాగాణి ఉన్నా, అధికభాగం వాన మీద ఆధారపడిన మెట్ట. అటువంటి నేలలో నాలుగెకరాల రైతుకు బ్యాంకు అప్పు పుట్టాలన్నా, పంట బీమా అందాలన్నా, బిడ్డ చదువుకు ఒక ఎకరం అమ్ముకోవాలన్నా అడంగల్‌లోనూ, 1-బి లోనూ తన పేరు ఉన్నట్లు ఉండాలి. ఒకప్పుడు ఆ లెక్కలు కరణం చేతిలో ఉండేవి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. కాగితాలు క్రమంగా కంప్యూటరులోకి చేరాయి. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటు ద్వారా రైతు తన వివరాలను తానే చూసుకోగలిగాడు. చూసుకోవడం సులభమైంది; కాని నిన్న చూసిన పేరు నేడు మారితే, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది తేల్చడం రైతు చేతిలో లేదు. పాత దస్త్రంలో అక్షరం దిద్దితే సిరా రంగు పట్టిస్తుంది. కంప్యూటరు పట్టికలో దిద్దిన అక్షరానికి సిరా ఉండదు.

ఈ లోపాన్ని పూరించే ఆశతోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో భూమి రికార్డులకు బ్లాక్‌చైన్‌ను ప్రయోగాత్మకంగా వాడ సంకల్పించింది. స్వీడన్ దేశానికి చెందిన క్రోమావే అనే సంస్థతో ఆ సంవత్సరమే భాగస్వామ్యం కుదిరింది. దేశంలో ఈ దిశగా అడుగువేసిన తొలి రాష్ట్రాలలో ఇది ఒకటి. ఇక్కడ చెప్పబోయే ప్రోగ్రాము ఆ ప్రయోగానికి నకలు కాదు. అయితే దాని వెనుక ఉన్న ఊహ ఏమిటో ఒక విద్యార్థి తన కంప్యూటరు ముందు కూర్చుండి తెలుసుకోవడానికి ఇది చాలును.

బ్లాక్‌చైన్ అంటే గొలుసుకట్టుగా సాగే చిట్టా. దానికి ఆధారం హాష్ అనే గణిత ప్రక్రియ. ఒక పత్రం ఒక పుట కావచ్చు, వేయి పుటలు కావచ్చు. హాష్ దానిని నిర్ణీత పొడవు గల ముద్రగా మారుస్తుంది. ఎథీరియమ్ వాడే కెచాక్-256 పద్ధతిలో ఆ ముద్ర 32 బైట్లు, అనగా 64 షోడశాంశ అంకెలు. పత్రంలో ఒక్క సున్న మారినా ముద్ర గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. ముద్రను చూసి పత్రాన్ని తిరిగి కట్టడం ఆచరణలో అసాధ్యం. చిట్టాలోని ప్రతి పుట, అనగా బ్లాకు, తన ముందు పుట ముద్రను తనలో ఇముడ్చుకుంటుంది. మధ్యలో ఎక్కడో ఒక అంకె దిద్దితే ఆ పుట ముద్ర మారుతుంది, తరువాతి పుటలో రాసి ఉన్నదానితో పొసగదు, అక్కడి నుండి గొలుసంతా తెగుతుంది. ఆ చిట్టా ప్రతులు వేలాది కంప్యూటర్లలో ఉంటాయి కనుక ఒకచోట దిద్దినవాని పని మిగిలినచోట్ల చెల్లదు.

2008లో సతోషీ నకమోటో పేరుతో వెలువడిన పత్రం బిట్‌కాయిన్‌కు పునాది వేసింది. అది డబ్బు లెక్కల చిట్టా. చిట్టాతోపాటు ప్రోగ్రాములు కూడా నడపవచ్చునన్న ఆలోచనను 2013లో విటాలిక్ బ్యుటెరిన్ ముందుకు తెచ్చాడు. 2015 జూలై 30న ఎథీరియమ్ పని ప్రారంభించింది. దానిమీద నడిచే ప్రోగ్రామును స్మార్ట్ కాంట్రాక్టు అంటారు. ఈ పేరు కొంత తప్పుదోవ పట్టించేదే. అది తెలివైనదీ కాదు, న్యాయస్థానం అర్థంలో ఒప్పందమూ కాదు. చెప్పినది చెప్పినట్లు, తప్పుతో సహా, నడిపే యంత్రం మాత్రమే.

తప్పుతో సహా అన్న మాటకు చరిత్రలో సాక్ష్యాలున్నాయి. 2016 జూన్‌లో ‘ది డావో’ అనే కాంట్రాక్టులోని ఒక లోపాన్ని పట్టుకొని ఎవరో 36 లక్షల ఈథర్‌ను తరలించారు. సొమ్ము ఇచ్చిన తరువాత ఖాతాలో నిల్వ తగ్గించడం, అనగా రెండు వాక్యాల క్రమం తప్పడం, అక్కడి దోషం. 2017 నవంబరులో పారిటీ అనే సంస్థ రాసిన కాంట్రాక్టును ఒకరు తమదిగా చేసుకొని నిర్మూలించడంతో దానిపై ఆధారపడిన ఖాతాలలోని 5 లక్షలకు పైగా ఈథర్ ఎవరికీ అందకుండా గడ్డకట్టిపోయింది. శాసనంలో పడిన అక్షర దోషం ఇటువంటిది.

అందుచేతనే పరీక్షా నెట్‌వర్క్‌లు పుట్టాయి. నియమాలన్నీ అసలు నెట్‌వర్క్‌వే. డబ్బు మాత్రం విలువలేనిది. వీటికి రైల్వే, మెట్రో స్టేషన్ల పేర్లు పెట్టడం ఎథీరియమ్ వారి ఆనవాయితీ. రాప్‌స్టెన్ స్టాక్‌హోమ్‌లోనిది, సెపోలియా ఏథెన్స్‌లోనిది, 2025లో వచ్చిన హూడి మన పొరుగున ఉన్న బెంగళూరులోనిది. పలక పోలికను మరీ దూరం లాగరాదు: పరీక్షా నెట్‌వర్క్‌లో రాసినది కూడా చెరగదు. అయితే ఆ నెట్‌వర్క్‌నే కొన్నేళ్ళకు మూసివేసి, కొత్తదానిని తెరుస్తారు. 2016లో మొదలైన రాప్‌స్టెన్ 2022లో ముగిసింది. 2019 నాటి గోర్లీ 2024లో ముగిసింది. గోర్లీ కథలో వింత ఒకటున్నది. దాని పరీక్షా నాణేలు కొరతపడి, 2023లో వాటిని నిజమైన సొమ్ముకు కొనడం, అమ్మడం మొదలైంది. ఉత్తుత్తి బువ్వకు కూడా బేరం పెట్టగల జాతి మనిషిది! ప్రోగ్రాములు రాసేవారి కొరకు 2021లో ఏర్పడిన సెపోలియాను ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం. దాని గుర్తింపు సంఖ్య 11155111. అసలు ఎథీరియమ్ గుర్తింపు సంఖ్య 1. ఈ రెండింటి తేడాను ప్రతిసారీ సరిచూసుకోవలసి ఉంటుంది.

ఇక ప్రోగ్రాము. దాని పేరు ‘దస్త్రం’. అది చేసే పని చిన్నది. ఒక పత్రం ముద్రనూ, గ్రామం పేరునూ ఇస్తే, వాటిని నమోదు చేసి, నమోదు చేసిన సమయాన్నీ, చేసినవారి చిరునామానూ పక్కన రాసుకుంటుంది. నమోదుకు అనుమతి కాంట్రాక్టును నెలకొల్పినవారికి మాత్రమే. ఒకసారి నమోదైన ముద్రను మళ్ళీ నమోదు చేయబోతే తిరస్కరిస్తుంది. చూడడం మాత్రం ఎవరైనా చూడవచ్చు. సొలిడిటీ అనే భాషలో ఇదంతా నలభై పంక్తులకు మించదు. మొదటి పంక్తిలో లైసెన్సు, రెండవ పంక్తిలో కంపైలర్ వెర్షను రాయాలి. 0.8 గాని, ఆ తరువాతిది గాని ఎంచుకుంటే సంఖ్య తన గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు ప్రోగ్రాము తానే ఆగుతుంది. అంతకుముందు వెర్షన్లలో అది చప్పుడు లేకుండా సున్నకు తిరిగిపోయేది.

తెలుగు విద్యార్థికి ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. సొలిడిటీలో చలరాశుల పేర్లు రోమన్ లిపిలోనే ఉండాలి. వ్యాఖ్యలు తెలుగులో రాయవచ్చు. ప్రోగ్రాములో తెలుగు మాటను విలువగా పొందుపరచాలంటే దాని కొటేషన్ గుర్తుకు ముందు ‘యూనికోడ్’ అన్న మాటను రోమన్ లిపిలో చేర్చాలి. 2020లో వచ్చిన 0.7 నుండి ఇది నియమం. మరొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. కంప్యూటరు నిల్వలో తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. ‘మార్కాపురం’లో అటువంటివి 10, అంటే 30 బైట్లు. ‘గిద్దలూరు’ 27 బైట్లు. ఎథీరియమ్ నిల్వలో ఒక్కొక్క గది 32 బైట్లు, 31 బైట్ల వరకు గల మాట ఒకే గదిలో ఒదుగుతుంది. కనుక ఈ రెండు ఊళ్ళకూ ఒక్కొక్క గది చాలును. ‘ఎర్రగొండపాలెం’ మాత్రం 39 బైట్లు. పొడవు రాయడానికి ఒకటి, మాట రాయడానికి రెండు, మొత్తం మూడు గదులు కావాలి. కొత్త గదిని నింపడానికి గ్యాస్ అనే కొలతలో 20,000 పైచిలుకు ఖర్చవుతుంది. ఊరి పేరు పొడుగైనందుకు సుంకం ఎక్కువ కట్టవలసి రావడం ఏ రాజ్యంలోనూ విన్నది కాదు. ఈ కారణంగానే అనుభవజ్ఞులు పేర్లకు బదులు గ్రామ సంకేత సంఖ్యలను వాడతారు.

మనిషి చదవగల ఈ పాఠాన్ని యంత్రం చదవగల రూపంలోకి మార్చడమే కంపైల్ చేయడం. కంప్యూటరులో ఏదీ స్థాపించనవసరం లేకుండా, బ్రౌజరులోనే పనిచేసే రీమిక్స్ అనే ఉపకరణం ఇందుకు చాలును. కంపైలర్ రెండు వస్తువులను ఇస్తుంది. ఒకటి బైట్‌కోడ్. చాలా ప్రోగ్రాములలో ఇది 6080604052 అన్న అంకెలతో మొదలవుతుంది. రెండవది ఏబీఐ, కాంట్రాక్టులో ఏ ఏ పనులున్నాయి, ఒక్కొక్క దానికి ఏమేమి ఇవ్వాలి అని తెలిపే పట్టిక. బైట్‌కోడ్ తాళం వేసిన ఇల్లయితే, ఏబీఐ ఏ తలుపు ఎక్కడున్నదో చెప్పే పటం. కంపైలర్ ఎర్ర అక్షరాలతో చెప్పేది దోషం; దానిని సరిదిద్దకుండా అడుగు ముందుకు పడదు. పసుపు రంగులో చెప్పేది హెచ్చరిక. హెచ్చరికతో పని ఆగదు గనుక తొలినాళ్ళ విద్యార్థులు దానిని చూడనట్లు దాటిపోతారు. అది మంచి అలవాటు కాదు.

కంపైల్ అయిన కాంట్రాక్టును ముందుగా రీమిక్స్‌లోనే ఉన్న కృత్రిమ యంత్రంలో నడిపి చూడాలి. అక్కడ ఒక్కొక్క ఖాతాలో 100 ఉత్తుత్తి ఈథర్లు సిద్ధంగా ఉంటాయి. పని సవ్యంగా సాగినదని తేలిన తరువాతనే సెపోలియా. అందుకు మెటామాస్క్ వంటి వాలెట్ కావాలి. వాలెట్ తెరిచినప్పుడు అది 12 రహస్య పదాలను చూపుతుంది. ఆ పదాలు ఎవరి వద్ద ఉంటే ఖాతా వారిది. పోలీసు స్టేషనుకు వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా మార్చి ఇచ్చేవారు లేరు. అభ్యాసానికి వేరే వాలెట్‌ను తెరవడం, నిజమైన సొమ్మున్న వాలెట్‌ను అభ్యాసంలోకి తేకపోవడం, రహస్య తాళాన్ని ప్రోగ్రాము ఫైలులో రాయకపోవడం తప్పనిసరి. పరీక్షా ఈథర్‌ను ఉచితంగా ఇచ్చే చోటుకు ఫాసెట్, అనగా కుళాయి, అని పేరు. వేసవిలో బిందెతో వరుసలో నిలబడిన ఈ ప్రాంతపు పిల్లలకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది: కుళాయి ఉన్నది, కాని రోజుకు ఇంతేనని కొలిచి పోస్తుంది.

నెలకొల్పడం అంటే ఒక లావాదేవీని పంపడమే. మామూలు లావాదేవీలో ‘ఎవరికి’ అన్న గడిలో చిరునామా ఉంటుంది. ఇక్కడ ఆ గడి ఖాళీ. ఖాళీ గడితో, బైట్‌కోడ్‌ను మోసుకువచ్చిన లావాదేవీని చూసి, కొత్త కాంట్రాక్టు పుడుతున్నదని నెట్‌వర్క్ గ్రహిస్తుంది. కన్‌స్ట్రక్టర్ అనే భాగం ఆ ఒక్కసారి మాత్రమే నడిచి, యజమాని చిరునామాను రాసిపెట్టి తప్పుకుంటుంది. మిగిలిన కోడ్ నిల్వలో స్థిరపడుతుంది. ప్రతి లావాదేవీకీ ఉండే 21,000 గ్యాస్‌కు తోడు, కాంట్రాక్టు సృష్టికి 32,000, నిల్వయ్యే కోడ్‌లో బైటుకు 200 చొప్పున ఖర్చవుతుంది. కోడ్ 24,576 బైట్లకు మించితే నెట్‌వర్క్ నిరాకరిస్తుంది. ‘దస్త్రం’ వంటి చిన్న ప్రోగ్రాముకు ఆ భయం లేదు. 12 సెకన్లకొక బ్లాకు చొప్పున కదిలే గొలుసులో లావాదేవీ కొద్దిసేపటికే చేరుతుంది. ఇక తిరుగులేదనదగిన స్థితికి రావడానికి సుమారు 13 నిమిషాలు పడుతుంది. అప్పుడు లభించే రసీదులో బ్లాకు సంఖ్య, ఖర్చయిన గ్యాస్, కాంట్రాక్టు చిరునామా ఉంటాయి. నెలకొల్పిన ఖాతా చిరునామా, ఆ ఖాతా అంతవరకు పంపిన లావాదేవీల సంఖ్య, ఈ రెండింటి నుండే కొత్త చిరునామా లెక్కగట్టబడుతుంది. కనుక అది ముందే తెలుసుకోదగినది.

తరువాతి పని మూలపాఠాన్ని ధ్రువీకరించడం. బైట్‌కోడ్‌ను చూసి అది ఏమి చేస్తుందో సామాన్యుడు చెప్పలేడు. ఈథర్‌స్కాన్ వంటి వెబ్‌సైటుకు సొలిడిటీ పాఠాన్ని అందజేస్తే, అది తిరిగి కంపైల్ చేసి, నెట్‌వర్క్‌లో ఉన్న కోడ్‌తో సరిపోల్చుతుంది. వెర్షను గాని, ఆప్టిమైజర్ అమరిక గాని కొంచెం తేడాపడినా సరిపోలదు. భూమి దస్త్రం వంటి ప్రజావిషయంలో ఈ మెట్టును దాటవేయడం తగదు. చదవలేని శాసనాన్ని నమ్మమని ప్రజలను అడగరాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక 1-బి నకలు ఫైలును తీసుకొని ముద్ర తయారుచేసి, నమోదు చేయాలి. అదే ముద్రను మళ్ళీ పంపితే తిరస్కరించాలి. వేరొక ఖాతా నుండి పంపినా తిరస్కరించాలి. ఫైలులో ఒక అక్షరం మార్చి, కొత్త ముద్రతో వెదికితే ‘లేదు’ అని రావాలి. ఆ చివరి ‘లేదు’ కోసమే ఈ శ్రమంతా. అడంగల్‌లో తన విస్తీర్ణం మారిందని అనుమానించిన రైతు, పాత నకలు ముద్ర గొలుసులో ఫలానా రోజున నమోదై ఉన్నదని చూపగలిగితే, అతని మాటకు ఒక సాక్షి దొరికినట్లే.

ఆ సాక్షికి హద్దులున్నాయి. వాటిని దాచి బ్లాక్‌చైన్‌ను పొగడడం విద్యార్థికి మేలు చేయదు. ఫైలులో ముద్రణ సమయం ఉంటే, అదే వివరం గల పత్రాన్ని రెండవసారి దింపుకున్నప్పుడు ముద్ర మారుతుంది. అది మోసం కాదు. సర్వే నంబరు వంటి చిన్న వివరానికి మాత్రమే ముద్ర వేస్తే, సాధ్యమైన నంబర్లన్నింటికీ ముద్రలు కట్టి పోల్చి, ఎవరైనా గుట్టు కనిపెట్టగలరు. అందుకే పత్రానికి ఊహింపశక్యం కాని ఒక రహస్య సంఖ్యను జోడించి ముద్ర వేయాలి. రైతు పేరును, ఆధార్ సంఖ్యను నేరుగా గొలుసులో రాయడం ఎన్నటికీ కూడదు. చెరగని గుణమే అక్కడ శాపమవుతుంది.

అన్నిటికంటె పెద్ద హద్దు మరొకటి. యంత్రం రాసినదానిని కాపాడుతుంది. రాసినది నిజమా అని అడగదు. ఆంధ్రప్రదేశ్ పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో యజమాని పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలిన భూములు ఎన్నో ఉన్నాయి. చుక్కల భూములు అని వాడుక. ఆ చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ రిజిస్టరును ఉన్నదున్నట్లు బ్లాక్‌చైన్ మీదికి ఎక్కించి ఉంటే, ఆ చుక్కలు కూడా అంతే భద్రంగా, అంతే శాశ్వతంగా ఉండేవి. చుక్కల వెనుక ఎవరున్నారో తేల్చవలసినది గట్టు మీద నిలబడి పక్క పొలం రైతును విచారించే మనిషే. భూమి హక్కును ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న ఎంత సున్నితమైనదో తరువాతి చరిత్ర కూడ చూపింది. 2022 నాటి భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చి, తీవ్ర వివాదం నడుమ 2024లో రద్దయింది. అందులో వాదమంతా సాంకేతికత గురించి కాదు, అధికారి చేతిలోని కలం గురించి.

‘దస్త్రం’ నెలకొల్పిన విద్యార్థి ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్షా నెట్‌వర్క్ మూతపడిన నాడు కాంట్రాక్టు, అందులోని నమోదులు దానితోనే పోతాయి. మూలపాఠం ఫైలు, వాడిన కంపైలర్ వెర్షను, అమరికలు తన వద్ద రాసి ఉంచుకుంటే, కొత్త నెట్‌వర్క్‌లో అదే కాంట్రాక్టును అరగంటలో తిరిగి నిలపవచ్చు.

పదవిజ్ఞానం

ఆచంద్రార్కం: చంద్రుడు, సూర్యుడు ఉన్నంతకాలం
షోడశాంశ అంకె: పదహారు గుర్తుల సంఖ్యామానంలోని అంకె
మాగాణి: నీటి వసతి గల భూమి
మెట్ట: వాన మీద ఆధారపడిన భూమి
ఆనవాయితీ: వాడుకగా వచ్చే పద్ధతి

ప్రశ్నలు

1. పలక, శాసనం అనే పోలిక పరీక్షా నెట్‌వర్క్‌కు ఎంతవరకు సరిపోతుంది? ఎక్కడ సరిపోదు? వివరించండి.
2. కంపైలర్ ఇచ్చే రెండు వస్తువులు ఏవి? వాటి ప్రయోజనమేమి?
3. ‘కంభం’, ‘మార్కాపురం’, ‘ఎర్రగొండపాలెం’ అనే పేర్లు నిల్వలో ఎన్నెన్ని బైట్లు తీసుకుంటాయో లెక్కకట్టండి.
4. చుక్కల భూముల ఉదాహరణ బ్లాక్‌చైన్ గురించి ఏమి తెలుపుతున్నది?
5. మీ గ్రామంలో ఒక పాత పత్రాన్ని చూసి, అందులోని ఏ వివరాలను గొలుసులో రాయకూడదో కారణాలతో రాయండి.